గెడ్డలో రాలిన ఆకును తినేదెవరు: వల సంచుల ప్రాజెక్టు డైరీ

చోటు: అరకు దగ్గరి అనంతగిరి కొండల్లో గోస్తని నదిలో కలిసే ఒక చిన్న గెడ్డ (కొండ వాగు). వెడల్పు 2 నుంచి 3 మీటర్లు, లోతు మోకాలి దాకా. అడుగున బండలు, గులకరాళ్లు, వాటి సందుల్లో ఇసుక. గట్టు మీద కానుగ చెట్లు, వెనక కాఫీ తోటలు, కాఫీకి నీడగా సిల్వర్ ఓక్.

తేల్చాల్సింది ఒక్కటే. నీళ్లలో పడ్డ ఆకు కొన్నాళ్లకు మాయమవుతుంది. అందులో నీటికి నాని పోయింది ఎంత, బూజు, బాక్టీరియా కుళ్లబెట్టింది ఎంత, రాళ్ల కింద బతికే చిన్న జీవులు కొరికి తిన్నది ఎంత? ఇందుకు పాత పద్ధతి ఒకటుంది: ఒకే తూకం ఆకును రెండు రకాల వల సంచుల్లో కట్టి నీళ్లలో వేయడం. పెద్ద కన్ను వలలోకి పురుగులు దూరతాయి, చిన్న కన్ను వలలోకి దూరలేవు. రెండింటికీ మధ్య తేడా పురుగుల పని. వినడానికి ఇంత తేలికే గానీ, ఆ తేడాలో పురుగులకు సంబంధం లేనివి ఎన్ని చొరబడతాయో మొదటి విడతలో తెలిసింది.

దశ 1: మొదటి విడత, అక్టోబరు (మొత్తం పోయింది)

ఆకు రెండు రకాలు: కానుగ, సిల్వర్ ఓక్. సంచులు రెండు రకాలు. నాలుగు తేదీల్లో తీయాలి, ప్రతి రకానికీ మూడేసి. అంటే 48. వీటికి తోడు ‘రాకపోకల సంచులు’ 6. వీటిని గెడ్డ దాకా తీసుకెళ్లి, ఒకసారి ముంచి, వెంటనే వెనక్కి తెచ్చి తూచాలి. దారిలో నలిగి రాలిపోయిన పొడి ఎంతో వీటివల్లే తెలుస్తుంది.

లెక్క: కుట్టినవి 54. నీళ్లలో వేసినవి 48.

ఏడో రోజు 12 తీశాం. తొమ్మిదో రోజు అల్పపీడనం వాన పడి గెడ్డ పొంగింది. మిగిలిన 36లో 22 కొట్టుకుపోయాయి. దొరికిన 14 ఇసుకలో పూడుకుపోయి ఉన్నాయి. ఇసుకలో పూడిన సంచికి గాలి అందదు, పురుగు రాదు కాబట్టి దాని తూకం దేనికీ పనికిరాదు. ఆ 14నూ పక్కన పెట్టేశాం.

వాన రాకపోయినా ఈ విడత నిలబడేది కాదు. తప్పులు ఇవి:

1. చిన్న కన్ను సంచికి దోమతెర వాడాం. దోమతెరలో అంగుళానికి 12, 13 కళ్లు వస్తాయి. అంటే రంధ్రం ఒక మిల్లీమీటరు పైనే. ఏడో రోజు విప్పి చూస్తే లోపల చిన్న మేఫ్లై పిల్లలు (రెక్కలొచ్చేదాకా నీళ్లలో పెరిగే పురుగులు), కైరోనోమిడ్ పురుగులు (కుట్టని దోమల్లాంటి ఈగల పిల్లలు) దర్జాగా తిరుగుతున్నాయి. పురుగులు రాకూడని సంచిలో పురుగులుంటే పోల్చడానికి ఏమీ మిగలదు.

2. సంచులను ఇటుకలకు కట్టాం. మోకాలి లోతు పొంగుకే ఇటుక దొర్లుతుంది.

3. చిన్న కన్ను సంచులన్నీ ఒక మడుగులోను, పెద్ద కన్నువన్నీ జోరుగా పారే చోట వేశాం. వేయడానికి అనువుగా ఉందని చేసిన పని. తేడా వచ్చినా అది వల తేడానో, నీటి జోరు తేడానో చెప్పలేం. అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే. పైన చెప్పిన రెండూ సంచులను పాడుచేస్తాయి. ఇది మాత్రం కనపడకుండా ఫలితాన్ని పాడుచేస్తుంది.

4. ఆకును ఎండుగా ఉండగానే సంచిలో కుక్కాం. సిల్వర్ ఓక్ ఆకు ఈకలా చీలి ఉంటుంది, ఎండితే చిటపట విరుగుతుంది. రాకపోకల సంచుల్లో కానుగ సగటున 0.12 గ్రాములు, సిల్వర్ ఓక్ 0.31 గ్రాములు దారిలోనే రాలిపోయాయి.

5. కుట్టడానికి నూలు దారం వాడాం. నూలు కూడా ఆకులాంటిదే, నీళ్లలో కుళ్లుతుంది. పూడిన సంచుల్లో రెండింటి కుట్లు అప్పటికే వదులయ్యాయి.

దశ 2: సంచులు మళ్లీ కుట్టడం

పెద్ద కన్ను: చేపల వల. కొనేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి. దుకాణంలో కన్ను కొలతను సాగదీసి చెబుతారు. 20 మిల్లీమీటర్ల వల అంటే ముడికీ ముడికీ మధ్య 10 మిల్లీమీటర్లే. మాకు కావలసింది అదే.

చిన్న కన్ను: స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లు వాడే పాలిస్టర్ గుడ్డ. స్కేలు ఆనించి భూతద్దంతో లెక్కపెడితే సెంటీమీటరుకు 18 కళ్లు వచ్చాయి. పోగు మందం పోను రంధ్రం అర మిల్లీమీటరు లోపే. గుడ్డ కొనేముందే కళ్లు లెక్కపెట్టుకోవాలి, దుకాణంవాళ్లు చెప్పే నంబర్లు ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటాయి.

మూడో రకం ‘కిటికీ సంచి’: అదే స్క్రీన్ గుడ్డ సంచి, కానీ రెండు వైపులా 2 సెంటీమీటర్ల చదరపు రంధ్రాలు మూడేసి కోసి, వాటి మీద చేపల వల ముక్క కుట్టినది. దీని అవసరం మొదటి విడతలోనే తెలిసింది. సన్నటి గుడ్డ పురుగులను ఆపడమే కాదు, నీటి పారుదలనూ తగ్గిస్తుంది, ఒండ్రును లోపల పట్టి ఉంచుతుంది. పురుగులు వెళ్లగలిగీ గుడ్డ సన్నగానే ఉన్న సంచి ఒకటి ఉంటే ఆ రెండింటినీ విడదీయవచ్చు.

కుట్టే వరస:

1. 20 × 15 సెంటీమీటర్ల సంచి. మూడు వైపులా నైలాన్ దారం, రెండు వరసల కుట్టు. స్టేప్లర్ పిన్నులు వద్దు, తుప్పు పడతాయి.

2. నంబరు బిళ్ల: కూల్‌డ్రింక్ డబ్బా రేకును 2 × 4 సెంటీమీటర్లుగా కత్తిరించి, మేకుతో గీకి నంబరు రాయాలి. ప్లాస్టిక్ మీద మార్కర్‌తో రాసినవి వారానికే చెరిగిపోయాయి.

3. ఆకు: మార్చిలో చెట్టు తనంతట తాను రాల్చినప్పుడు ఏరి, నీడన ఆరబెట్టి దాచినది. చెట్టు నుంచి కోసిన పచ్చాకు వాడితే పోషకాలు వేరు, కుళ్లే వేగం వేరు. కానుగలో బుడిపెలు వచ్చిన ఆకులు చాలా ఉంటాయి, అవన్నీ తీసేయాలి.

4. బంగారం తూచే 0.01 గ్రాము కాటా మీద 5.00 గ్రాములు తూచి, స్ప్రేయర్‌తో నీళ్లు చిలకరించి పది నిమిషాలు వదిలేయాలి. ఆకు మెత్తబడ్డాక సంచిలో పరవాలి. ఈ ఒక్క మార్పుతో రాకపోకల నష్టం కానుగకు 0.05, సిల్వర్ ఓక్‌కు 0.08 గ్రాములకు దిగింది.

5. నాలుగో వైపు కుట్టేముందు సంచిని కొంచెం ఉబ్బెత్తుగా ఉంచాలి. గట్టిగా బిగిస్తే ఆకులు అట్టలా అతుక్కుపోతాయి, మధ్యలోకి నీరూ చేరదు, పురుగూ చేరదు.

లెక్క: పెద్ద కన్ను 24, చిన్న కన్ను 24, కిటికీ 6, రాకపోకలవి 6. మొత్తం 60.

దశ 3: నీళ్లలో వేయడం, డిసెంబరు మొదటి వారం

ఇటుకలు మానేశాం. 12 ఎం.ఎం. ఇనుప చువ్వ 60 సెంటీమీటర్ల ముక్కలు, సుత్తితో 40 సెంటీమీటర్ల దాకా అడుగులోకి దింపాం. ప్రతి చువ్వకూ అన్ని రకాల సంచులూ కలిపి కట్టాం. ఏ సంచి ఏ చువ్వకు వెళ్లాలో చీటీలు వేసి తేల్చాం. చువ్వలన్నీ ఒకే రకం పారుదల ఉన్న చోట్ల, బండల దిగువన, 20 నుంచి 30 సెంటీమీటర్ల లోతులో దింపాం.

రిజర్వు అడవిలో ఉండే గెడ్డ అయితే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి. ఊరివాళ్లు నీళ్లు పట్టుకునే రేవుకూ, పశువులు దిగే రేవుకూ దూరంగా ఉండాలి. చువ్వ తల నీటి మట్టానికి కిందే ఉండి, దానికి ఎర్ర గుడ్డ కట్టి ఉంటే ఎవరి కాలికీ దెబ్బ తగలదు.

నీళ్లలో 54. తీసే రోజులు: 2, 14, 28, 42. 28వ రోజు కిటికీ సంచులతో కలిపి 18, మిగతా రోజుల్లో 12 చొప్పున. నీటి ఉష్ణోగ్రత రోజూ రెండుసార్లు రాశాం, సగటు 19 డిగ్రీలు. వేరే గెడ్డతో పోల్చాలంటే ఇది తప్పనిసరి. చల్లటి నీళ్లలో 28 రోజులూ వెచ్చటి నీళ్లలో 28 రోజులూ ఒకటి కావు. రోజులకు బదులు రోజువారీ ఉష్ణోగ్రతల మొత్తం పెట్టి లెక్కిస్తే పోలిక నిలుస్తుంది. మాకు 28 రోజులకు అది 532 వచ్చింది.

దశ 4: తీయడం, ఏరడం

సంచిని ఊరికే పైకి లాగితే పెద్ద కన్నుల్లోంచి ఆకు ముక్కలు, పురుగులు జారిపోతాయి. జారిన ముక్కలు ‘పురుగులు తిన్న’ ఖాతాలో పడతాయి. అందుకే ముందుగా దిగువన అర మిల్లీమీటరు జల్లెడ పట్టి, సంచిని నీళ్లలో ఉండగానే జల్లెడలోకి తోసి, రెండూ కలిపి లేపాలి.

రెండో రోజు సంచులను కవర్లలో కట్టి మర్నాడు ఏరాం. అది మళ్లీ చేయకూడదు. రాత్రికి రాత్రే స్టోన్‌ఫ్లై పిల్లలు (రాళ్ల కింద బతికే వేట పురుగులు) మిగతావాటిని తినేస్తాయి, చచ్చినవి మెత్తబడి గుర్తుపట్టడానికి వీల్లేకుండా పోతాయి. 14వ రోజు నుంచి ఇలా:

1. ఒక్కో సంచి ఒక్కో జిప్ కవరులో, ఐస్ పెట్టెలో. ఆ రోజే ఏరాలి.

2. తెల్లటి ట్రేలో ఆకులు ఒక్కొక్కటీ నీళ్లలో మెత్తటి బ్రష్‌తో కడగాలి. ఆకు ఒక గిన్నెలోకి, కడిగిన నీళ్లు జల్లెడ గుండా.

3. జల్లెడలో మిగిలింది ట్రేలో పరిచి పదినిమిషాలు కదపకుండా చూడాలి. కదిలేవి ముందు కనపడతాయి. గూడు కట్టుకున్నవి కదలవు, ఆకు తునకలనే పొరపడతాం. వాటికోసం రెండోసారి చూడాలి.

4. పురుగులు 80 శాతం ఆల్కహాల్ సీసాలోకి. మర్నాడు ఆ ఆల్కహాల్ పారబోసి కొత్తది పోయాలి, పురుగుల ఒంటి నీటితో మొదటిది పల్చబడి ఉంటుంది.

5. చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయాలి. జెల్ పెన్నుతో రాసిన మూడు చీటీలు ఆల్కహాల్‌లో తెల్లకాగితాలయ్యాయి. సీసా పేర్చిన వరసను బట్టి వాటిని గుర్తించగలిగాం.

తూకంలో చిక్కులు

ఇక్కడే ఎక్కువ రోజులు పట్టాయి. 14వ రోజు చిన్న కన్ను కానుగ సంచి ఒకటి రెండో రోజు సంచుల కన్నా బరువు తూగింది. ఆకు పెరగదు కదా. కారణం ఒండ్రు. సన్నటి మట్టి ఆకు మీద జిగురులా అంటుకుని ఎంత కడిగినా పోలేదు.

మందు: ఎండబెట్టి తూచిన ఆకును పొడి చేసి, అందులోంచి కొంత 550 డిగ్రీల కొలిమిలో 4 గంటలు కాల్చాలి. మిగిలిన బూడిద మట్టి, లవణాలు. మొత్తంలోంచి ఆ వంతు తీసేస్తే మిగిలేది అసలు ఆకు. కొలిమి ఏదైనా కాలేజీ ల్యాబులోనే దొరుకుతుంది.

ఇంకో చిక్కు. మొదట తూచిన 5.00 గ్రాములు గాలికి ఆరిన ఆకు. చివర తూచేది 60 డిగ్రీల ఓవెన్‌లో 48 గంటలు ఎండినది. గాలికి ఆరిన ఆకులో తేమ ఉంటుంది. ఆ తేమ తీసేయకపోతే నీళ్లలో పెట్టకముందే ఆకు పదో వంతు మాయమైనట్టు లెక్క వస్తుంది. నీళ్లలో వేయని ఆకును ఓవెన్‌లో, ఆ తర్వాత కొలిమిలో పెట్టి చూశాం:

కానుగ: 5.00 → ఎండాక 4.55 → బూడిద పోను 4.19 → రాకపోకల నష్టం పోను 4.14 గ్రాములు.

సిల్వర్ ఓక్: 5.00 → 4.60 → 4.37 → 4.29 గ్రాములు.

మొదలు లెక్కపెట్టాల్సింది ఈ చివరి అంకెల నుంచే.

దశ 5: వచ్చిన అంకెలు

రెండో రోజు మిగిలింది: కానుగ 3.48, సిల్వర్ ఓక్ 4.07 గ్రాములు. రెండు రకాల సంచుల్లోనూ దాదాపు అంతే. ఇది నానుడు నష్టం. టీ పొడి వేడినీళ్లలో రంగు దించినట్టు కరిగేవన్నీ ముందే దిగిపోతాయి. పురుగులకు ఇందులో వాటా లేదు.

28వ రోజు, మూడేసి సంచుల సగటు, గ్రాముల్లో:

కానుగ: పెద్ద కన్ను 1.53, కిటికీ 1.82, చిన్న కన్ను 2.56.

సిల్వర్ ఓక్: పెద్ద కన్ను 3.34, కిటికీ 3.41, చిన్న కన్ను 3.56.

వేగం కట్టే పద్ధతి: మొదటి తూకాన్ని మిగిలిన తూకంతో భాగించి, కాలిక్యులేటర్‌లో ఎల్‌ఎన్ (సహజ సంవర్గమానం, ln) నొక్కి, రోజులతో భాగించాలి. కానుగ పెద్ద కన్ను రోజుకు 0.0356, కిటికీ 0.0294, చిన్న కన్ను 0.0172. సిల్వర్ ఓక్ పెద్ద కన్ను 0.0089, చిన్న కన్ను 0.0067. పీటర్సన్, కమ్మిన్స్ అనే శాస్త్రవేత్తలు 1974లో పెట్టిన కొలమానం ప్రకారం 0.01 దాటితే వేగంగా పోయే ఆకు, 0.005 నుంచి 0.01 వరకు మధ్యరకం. కానుగ మొదటిది, సిల్వర్ ఓక్ రెండోది.

కానుగలో పెద్ద కన్నుకూ చిన్న కన్నుకూ తేడా 0.0184. ఇదంతా పురుగుల పని అనుకోవడం తొందరపాటు. కిటికీ సంచికీ చిన్న కన్నుకూ తేడా 0.0122, అంటే ఆ తేడాలో మూడింట రెండు వంతులు. గుడ్డ ఒకటే కాబట్టి ఈ రెండు వంతులను ధైర్యంగా పురుగులకు రాయవచ్చు. మిగిలిన ఒక వంతు నీటి పారుదలదీ కావచ్చు, కిటికీ చిన్నదై పురుగులు తక్కువ దూరడం వల్లా కావచ్చు. దాన్ని ఎవరి ఖాతాలోనూ వేయలేదు.

చిన్న కన్ను సంచుల్లో ఊపిరాడని స్థితి ఉందనడానికి ఇంకో గుర్తు దొరికింది: ఎర్రటి కైరోనోమిడ్ పురుగులు. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లలు ఆ కన్నుల్లోంచి కూడా దూరి లోపల పెరుగుతాయి. ఎర్రరంగు రక్తంలోని హీమోగ్లోబిన్‌ది, ఆక్సిజన్ తక్కువున్న బురదలో బతకడానికి అది ఆసరా. ఒండ్రు ఎక్కువ పట్టిన సంచుల్లోనే ఇవి కనిపించాయి.

42వ రోజుకు గెడ్డ మట్టం తగ్గి రెండు సంచులు గాలికి తేలాయి, వాటిలో ఒకటి కానుగ పెద్ద కన్నుది. ఇంకో కానుగ పెద్ద కన్ను సంచి చినిగి ఖాళీగా ఉంది. ఆ తేదీకి కానుగ పెద్ద కన్నులో ఒక్కటే నిలిచింది, కాబట్టి సగటు రాయలేదు.

లెక్క: వేసినవి 54. తేలినవి 2, చినిగినది 1. పనికొచ్చినవి 51.

దశ 6: సంచిలో ఎవరున్నారు

28వ రోజు కానుగ పెద్ద కన్ను సంచులు మూడూ కలిపి 214 జీవులు. కైరోనోమిడ్లు 121, మేఫ్లై పిల్లలు 48, ఆకు గూటి కాడిస్‌ఫ్లైలు (ఆకు ముక్కలతో గూడు కట్టుకునే నీటి పురుగులు) 17, వల కట్టే కాడిస్‌ఫ్లైలు 11, పెంకుపురుగుల లార్వాలు 7, స్టోన్‌ఫ్లైలు 6, మిగతావి 4.

ఆకును నిజంగా కొరికి తినేవి, ష్రెడర్లు అనే వర్గం, ఇందులో ఆ 17 మాత్రమే. నూటికి ఎనిమిది. సంఖ్య చూసి వీటిని తీసిపారేయకూడదు. గూడు విప్పి ఒంటిని మాత్రం తూస్తే మొత్తం 0.62 గ్రాముల్లో వీటివి 0.29. మొదటిసారి గూటితో కలిపి తూచి తప్పు లెక్క రాశాం. గూడు కూడా ఆకే, దాన్ని పురుగు బరువులో కలపకూడదు.

ఈ కాడిస్‌ఫ్లైని పట్టకారుతో తిప్పి చూడటం మంచిది. పేరు అనైసోసెంట్రోపస్. ఆకులోంచి రెండు కోలముక్కలు కోస్తుంది. పెద్దది పైకప్పు, చిన్నది అడుగు, అంచులు పట్టుదారంతో అతికి మధ్యలో పడుకుంటుంది. పైనుంచి చూస్తే చిరిగిన ఆకు ముక్కే. తిరగేస్తేనే పురుగు తల బయటికి వస్తుంది. ఆకు ఈనెలు వదిలి మధ్య కండ మాత్రం తినేసిన చోట ఇవి ఉంటాయి. మన సంచుల్లో కానుగ ఆకులు జల్లెడలా మిగిలింది అలాగే.

వల కట్టే 11 కాడిస్‌ఫ్లైలు ఆకును తినవు. సంచి అంచుల్లో పట్టు వల అల్లి, నీళ్లతో కొట్టుకొచ్చే సన్నటి తునకలను పడతాయి. ష్రెడర్ తినేటప్పుడు రాల్చిన పొడి, దాని పెంట, రెండూ వీటి తిండే. పైన ఆకు కొరికేది లేకపోతే కింద వల కట్టేదానికి వచ్చే తిండి తగ్గుతుంది. గెడ్డ చేపల్లో చాలావాటికి ఈ మేఫ్లైలు, కాడిస్‌ఫ్లైలు తిండి. గట్టు మీద ఏ చెట్టు నాటామన్న ప్రశ్న ఇలా చేప దాకా వెళుతుంది. ఒక్క సిల్వర్ ఓక్ ఆకు మీదే బతకాల్సి వస్తే ఈ వరసకు తిండి ఎంత నెమ్మదిగా అందుతుందో పై అంకెలే చెబుతున్నాయి.

దశ 7: సీసా పరీక్ష

సంచి లెక్క సరేనా అని చిన్న పరీక్ష. గెడ్డ నీళ్ల సీసాలు పది, అక్వేరియం గాలిపంపు, సీసాకు రెండేసి ఆకు బిళ్లలు. సగం సీసాల్లో రెండు కాడిస్‌ఫ్లైలు, సగంలో ఏమీ లేవు.

మొదటిసారి ఎండాకు బిళ్లలు వేశాం. వారమైనా ముట్టలేదు. పురుగులకు కావలసింది ఒట్టి ఆకు కాదు, బూజు పట్టి మెత్తబడ్డ ఆకు. రెండోసారి చిన్న కన్ను సంచిలో 14 రోజులు గెడ్డలో ఉంచిన ఆకు నుంచి బిళ్లలు కోశాం. రెండు రోజుల్లో అంచులు అరిగాయి, సీసా అడుగున గోధుమరంగు పొడి పేరుకుంది. పురుగు లేని సీసాల్లో బిళ్లలు అలాగే ఉన్నాయి. సీసాలు చల్లటి చోట ఉంచాలి. గది వేడెక్కిన మధ్యాహ్నం ఒక సీసాలో రెండూ చచ్చిపోయాయి, దాన్ని లెక్కలోంచి తీసేశాం.

దశ 8: మూడో విడతకు మార్పులు

చినిగిన సంచి పక్కనే బండ కింద పీత బొరియ ఉంది. ఉష్ణమండల గెడ్డల్లో పీతలు ఆకును బాగా చింపి తింటాయి, కానీ 10 మిల్లీమీటర్ల కన్నులోంచి పెద్ద పీత దూరలేదు. కాబట్టి మన పెద్ద కన్ను అంకె కూడా గెడ్డలో జరిగే పనికన్నా తక్కువే చూపుతుంది. ఆ లోటు కొలవడానికి:

1. సంచి లేని కట్టలు 12. కానుగ ఆకులు పది చొప్పున తొడిమల దగ్గర చేపల దారంతో కట్టి, రేకు బిళ్ల వేసి, అదే చువ్వలకు.

2. వాటి పక్కనే పెద్ద కన్ను సంచులు 12, అవే చువ్వలకు, చీటీల వరసలోనే.

3. సంచి లేని కట్టకు నీటి జోరుకు చిరిగే నష్టం ఉంటుంది. అందుకని చువ్వకు ఎగువన అడ్డుగా బండ ఉన్న చోట్లే వేయాలి.

4. తీసే రోజులు 7, 14, 21. కానుగకు 42 రోజులు ఎక్కువని తేలిపోయింది.

5. చువ్వలు 10 సెంటీమీటర్లు లోతుకు జరపాలి, మట్టం తగ్గినా సంచి మునిగే ఉండాలి.

లెక్క: కొత్తగా వేయాల్సినవి 24, రాకపోకలవి 6. స్క్రీన్ గుడ్డ ఈ విడతకు అక్కర్లేదు. కానుగ ఆకు ఇంకా గోనెసంచిలో 300 గ్రాములుంది, అది సరిపోతుంది.